బర్కత్ సీసా

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆరోగ్య శాఖలో పని చేశాను. మొదటి ఇరవై తొమ్మిదేళ్లు మందులు ఇచ్చే పని, చివరి నాలుగేళ్లు మందులు వెతికే పని. మీ వయసు వాళ్లకు ఈ రెండోది ఉద్యోగంలాగే కనిపించదు. మీరు ఫోను తీసి బస్సు ఏ ఊరు దాటిందో చూస్తారు. మార్కెట్ యార్డులో పత్తి ధర ఈ గంటకు ఎంత పలుకుతోందో చూస్తారు. ఏ గ్రూపు రక్తం ఏ బ్లడ్ బ్యాంకులో ఉందో చూస్తారు. వేలు తగలగానే జవాబు వస్తుంది కాబట్టి ఆ జవాబు నిజమని కూడా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాను. ఆ ఉపన్యాసాలు ఎంత లోతుకు దిగాయో ఒక మధ్యాహ్నం తెలిసింది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. మాది మహారాష్ట్రలో బిలోలి దగ్గర, తెలుగు నేల సరిహద్దున ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ కలిపి ఇంకొంచెం దక్కనీ. చదువుకు నాందేడ్ వచ్చాక ఆదివారాలు ఒక చర్చా మండలికి వెళ్లడం అలవాటైంది. అక్కడ పెద్దలు ఏ మాట అన్నా వెంటనే "రుజువేమిటి" అని అడగాలని నేర్పారు. నేను ఆ పాఠాన్ని కాస్త ఎక్కువే నేర్చుకున్నాను. నిమ్మకాయ కోస్తే ఎర్రటి నీళ్లు ఎలా వస్తాయో వారపు సంతల్లో చేసి చూపించేవాణ్ణి. నిప్పుల మీద నడిచే బాబా పక్కనే చెప్పులు విప్పి నేనూ నడిచాను. కాలు కొంచెం కాలింది, ఆ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి పోవద్దు, ఆస్పత్రికి పోండి అని మా తాలూకాలో నేను తిరగని ఊరు లేదు.

అలాంటివాడికి ఉద్యోగం చివర్లో ఒక కంప్యూటర్ తెర అప్పగించారు. ఏర్పాటు సులువుగానే అర్థమవుతుంది. ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుకు ఒక పలక లాంటి టాబ్లెట్ ఇచ్చారు. మందు లోపలికి వచ్చినా బయటికి పోయినా అందులో అంకె మార్చాలి. ఆ అంకె ఆ క్షణంలోనే నాందేడ్‌లోని మా గదిలో కనిపిస్తుంది. ఏదైనా ఆస్పత్రి నుంచి "ఫలానా మందు కావాలి" అని ఫోను వస్తే, మేము పేరు కొట్టగానే ఆ మందు దగ్గరలో ఎక్కడెక్కడ ఉందో, ఎన్ని ఉన్నాయో, ఎంత దూరమో వరుసగా వస్తాయి. అంతకుముందు ఇదే పని ఒక్కో కేంద్రానికి ఫోను చేసి అడుగుతూ పోతే పూట పట్టేది.

ఆ గదిలో నాతో పాటు ఒక టెలిఫోన్ ఆపరేటర్ ఉండేది. నా కంటే రెండేళ్లు చిన్నది. అందరూ ఆమెను తాయీ అనేవాళ్లు. మరాఠీలో అక్క అన్నమాట. పాత ఆస్పత్రి స్విచ్‌బోర్డు మీద చాలా ఏళ్లు కూర్చున్న మనిషి. జిల్లాలో ఏ కేంద్రంలో ఎవరు పని చేస్తారో, వాళ్ల పిల్లలకు ఏ పరీక్షలున్నాయో, ఎవరి అత్తకు మోకాళ్ల నొప్పో ఆమెకు తెలుసు. కంప్యూటర్ వచ్చిన రోజు ఆమె తన పాత ఫోను పుస్తకాన్ని సొరుగులో పెట్టి తాళం వేసుకుంది. "ఇక దానితో పనేముంది తాయీ, పారేయండి" అన్నాను. "ఉండనీ సాబ్. అది అన్నం అడుగుతలేదు గద" అంది.

ఏర్పాటు మొదలైన కొత్తలో ఫార్మసిస్టులందరినీ నాందేడ్ పిలిచి శిక్షణ పెట్టాము. అక్కడ నేను గంటసేపు మాట్లాడాను. ఎందుకంటే ఒక విచిత్రం నా కంటబడింది. ఏ కేంద్రం పాత నిల్వ పుస్తకం తిరగేసినా ఏ మందు పక్కనా సున్నా కనిపించేది కాదు. నలభై, పదిహేను, మూడు, ఒకటి. అక్కడితో ఆగుతుంది. ఒకటి తర్వాత మళ్లీ కొత్త సరుకు వచ్చి ముప్పై అవుతుంది. నాకు కారణం తెలుసు, మీకూ తెలిసే ఉంటుంది. మా వైపు ఏ ఇంట్లోనూ బియ్యం డబ్బాను అడుగు కనిపించేదాకా గీకరు. ఒక పిడికెడు ఉంచుతారు. దుకాణదారు గల్లాపెట్టె పూర్తిగా ఖాళీ చెయ్యడు. బస్తాలో చివరి చేరెడు అమ్మడు. దాన్ని బర్కత్ అంటారు. ఆ కాస్త ఉంటేనే మళ్లీ నిండుతుందని నమ్మకం. మా ఫార్మసిస్టుల్లో సగం మంది కిరాణా కుటుంబాల వాళ్లు, మిగతా సగం రైతు కుటుంబాల వాళ్లు. ఇంటి అలవాటు అల్మారాలోకి నడిచొచ్చింది.

ఆ రోజు నా నాలుక మీద నిప్పులే. "సున్నాను ప్రపంచానికి మనమే ఇచ్చామని సభల్లో ఛాతీ విరుచుకుంటాం. సున్నా రాయమంటే మాత్రం మన చెయ్యి వణుకుతుంది. సున్నా అపశకునం కాదు, అది ఒక అంకె" అన్నాను. చప్పట్లు బాగా పడ్డాయి. నేను సంతోషపడ్డాను. వాళ్లు టీ తాగి, భజ్జీలు తిని, ఎవరి కేంద్రాలకు వాళ్లు వెళ్లి, మళ్లీ ఒకటి దగ్గరే ఆగారు.

నేను అంతటితో ఊరుకుంటే కొంత మేలు. ఊరుకోలేదు. ఏ కేంద్రంలోనైనా ఏ మందైనా సున్నా అయితే ఆ వరుస ఎర్రగా మారాలనీ, పై ఆఫీసుకు దానంతట అదే కబురు పోవాలనీ పుణెలో సాఫ్ట్‌వేర్ చేసే అమ్మాయికి చెప్పి పెట్టించాను. నిర్లక్ష్యం ఎక్కడుందో వెంటనే బయటపడుతుందని నా ఆలోచన. ఎర్ర వరుసలు దాదాపు కనిపించలేదు. నిర్లక్ష్యం తగ్గిందని నెలనెలా నివేదికలో రాశాను.

తాయీ ఒకసారి ఆ నివేదిక చదివి నవ్వింది. "సాబ్, తెరల ఒక్కటి అని ఉంటే లేదనుకో. రెండు అని ఉంటే ఒక్కటనుకో. నీకు ఎవ్వరు చెప్పరు గని."

"అది మూఢనమ్మకాన్ని లెక్కలోకి తీసుకోవడం తాయీ. అలా చేస్తే ఒప్పుకున్నట్టే."

"ఒప్పుకోకు. గని ఆ ఒక్కటి తీసేసి లెక్కవెట్టు" అంది. నేను వినలేదు. వాళ్లు మారాలి గానీ నేను ఎందుకు మారాలి అనుకున్నాను.

ఇక ఆ రోజు. సోయాబీన్ కోతలు జోరుగా ఉన్నాయి. అంతకు ముందు రోజంతా ఎడతెగని వాన కురిసి, ఆ ఉదయం తెరిపి ఇవ్వడంతో కూలీలంతా చేలలోకి దిగారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సరిహద్దు వైపు ఒక చిన్న ఆస్పత్రి నుంచి డాక్టరు ఫోను చేశాడు. కోతకు వచ్చిన కూలి మనిషిని నాగుపాము కరిచింది. నలభై ఏళ్ల ఆడమనిషి. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. మొదటి విడతగా పది సీసాల విరుగుడు మందు ఎక్కించాలి. ఆయన దగ్గర ఉన్నవి నాలుగు. నాలుగూ ఎక్కించేశాడు. మిగతా ఆరు సీసాలు ఒక గంటలోపు కావాలి. ఊపిరి ఆగితే చేత్తో సంచీ నొక్కుతూ గాలి అందించడం తప్ప అక్కడ ఇంకో సాధనం లేదు. ఆమెను నాందేడ్ పంపిద్దామంటే, లేదా నాందేడ్ నుంచి మందు తెప్పిద్దామంటే, మధ్యలో వాగు రోడ్డు మీదికి ఎక్కి పారుతోంది. సాయంత్రం దాకా బస్సులు కూడా దాటవు.

ఫోను పెట్టేముందు డాక్టరు ఇంకో మాట అన్నాడు. మంత్రగాడి ఇల్లు వాళ్ల చేను పక్కనే అట. అయినా వాళ్లు అటు చూడకుండా ఆమెను నేరుగా ఆస్పత్రికి తెచ్చారట.

ఆ మాట నా మెడ మీద బరువులా కూర్చుంది. ఇన్నేళ్లు గొంతు చించుకుని చెప్పింది ఒక ఊరు విన్నది. విని మా గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడు ఆమె మా మంచం మీద పోతే, ఆ ఊళ్లో ఇంకెవరినైనా పాము కరిచినప్పుడు వాళ్లు ఎవరి ఇంటికి పోతారో నాకు బాగా తెలుసు.

మందు పేరు కొట్టాను. వాగుకు అవతల, ఆ ఆస్పత్రి చుట్టూ నాలుగు ఆరోగ్య కేంద్రాలున్నాయి. తెర మీద వరుసగా వచ్చాయి. మొదటిదానిలో రెండు, రెండోదానిలో ఒకటి, మూడోదానిలో ఒకటి, నాలుగోదానిలో రెండు. మొత్తం ఆరు. సరిగ్గా ఆరు. నా ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు. తాయీ వైపు తిరిగి, "చూశారా, ఇదీ సైన్సంటే" అన్నాను. ఆమె సొరుగు తాళం తీసింది.

ఆస్పత్రి జీపు డ్రైవర్‌కు నాలుగు కేంద్రాల వరుస చెప్పి పంపాను. ఒక్కో కేంద్రానికి ముందుగా ఫోను చేసి అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. ఎందుకు వస్తుంది? తెర చెప్తోంది కదా. ఆ రోజు నేను చేసిన తప్పు ఇదే.

పావుగంటకు డ్రైవర్ ఫోను వచ్చింది.

"సార్, మొదటి కాడ ఒక్కటే ఇచ్చిండు. ఇంకోటి లేదంటున్నడు."

"రెండున్నాయి కదయ్యా అక్కడ."

"మీ తెరల ఉండొచ్చు సార్. ఈయన అల్మారీల లేదంట."

సరే, ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, రెండోచోటికి వెళ్లమన్నాను. ఇంకో పదిహేను నిమిషాలు. మళ్లీ ఫోను.

"ఈడ ఒక్కటి గూడ లేదంట సార్. ఊకెనే అచ్చిన. ముంగటికి పోవాల్నా, ఎనుకకు పోవాల్నా?"

అరగంట గడిచింది. జీపులో ఒకే సీసా ఉంది. ఫోను ఆ ఫార్మసిస్టుకు ఇమ్మన్నాను. నా గొంతు మా గది బయట వరండాలో ఉన్నవాళ్లకు కూడా వినిపించిందట.

"మందు లేకపోతే ఒకటని ఎందుకు రాశావ్?"

"ఉన్నది సాబ్."

"మరి ఇవ్వవేం?"

"ఇయ్యనీకి లేదు."

"ఉన్నదంటావు, ఇయ్యనీకి లేదంటావు. ఏంది నీ మాట?"

అతను మెల్లగా, తప్పు చేసిన పిల్లాడిలా అన్నాడు. "అది బర్కత్‌ది సాబ్."

నేను ఉపన్యాసం అందుకోబోయాను. నిజంగానే మొదటి వాక్యం నోట్లోకి వచ్చేసింది. తాయీ లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"జర ఇటియ్యి సాబ్. నువ్వు లోకాన్ని రేపు బాగుచెయ్యి. ఇయ్యాల మందు రానియ్యి."

తర్వాత ఆమె మాట్లాడిన తీరు నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"ఏం భావూ, అన్నం తిన్నవా?"

భావూ అంటే మరాఠీలో అన్నదమ్ముణ్ణి పిలిచే మాట. అవతల ఏమన్నాడో నాకు వినిపించలేదు.

"నేను తినలె. ఇగ చెప్పు, మీ అమ్మ కాడికి పక్కింటామె చేట పట్టుకోని అస్తే, డబ్బాల ఉన్న ఆఖరి పిడికెడు ఇచ్చేదా, లేదా?" ఫోను స్పీకర్ మీద పెట్టింది. అతని జవాబు నాకూ వినిపించింది.

"ఇచ్చేది తాయీ. ఊకె ఇయ్యకపోయేది. చేబదులు. దీపాలు పెట్టకముందే తెచ్చి వెయ్యాలె."

"నేను గూడ గదే అడుగుతున్న. నీ బర్కత్ నాకొద్దు. చేబదులు ఇయ్యి. దీపాలు పెట్టకముందు నీ సీసా నీ అల్మారీల ఉంటది."

"ఇది నీ మాటనా, సాబ్ మాటనా?"

తాయీ నా వైపు చూడనైనా చూడలేదు. "నా మాట. సాబ్ సంగతి నేను చూస్కుంట."

"అట్లయితే తీస్కపొమ్మను."

పాత ఫోను పుస్తకం తెరిచి మిగతా ముగ్గురికీ ఆమే చేసింది. కేంద్రం నంబర్లకు కాదు, వాళ్ల సొంత నంబర్లకు. ప్రతివాడితోనూ అదే బేరం. ఇవ్వడం లేదు, చేబదులు. దీపాలకు ముందు వాపసు. మొదటి కేంద్రంలో మిగిలిన ఆ ఒక్క సీసాను అక్కడి ఫార్మసిస్టు తన మోటారు సైకిల్ మీద తానే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. మూడోచోట ఒకటి, నాలుగోచోట రెండూ జీపెక్కాయి. అందరితోనూ ఆమె చివర్లో ఒకే మాట అంది: "ఇప్పుడు పలకల సున్నా కొట్టు. కొట్టు, నేనున్న."

నేను తెర ముందు నిలబడ్డాను. ఒకదాని తర్వాత ఒకటి నాలుగు వరుసలూ ఎర్రబడ్డాయి. ఏర్పాటు మొదలయ్యాక ఆ నాలుగు కేంద్రాలు పంపగలిగింది ఎంతో ఆ తెర మొదటిసారి నిజం చెప్పింది.

వెంటనే బల్ల మీద ఇంకో ఫోను మోగింది. పై ఆఫీసు. ఒకే వైపున నాలుగు కేంద్రాల్లో ఒకేసారి సున్నా ఎందుకైంది, బాధ్యులెవరు, సంజాయిషీ రాసి పంపండి అని. ఫోను తాయీ ఎత్తింది. సాహెబ్ బాత్రూమ్‌లో ఉన్నారని స్వచ్ఛమైన మరాఠీలో చెప్పి పెట్టేసింది. పది నిమిషాలకు మళ్లీ వస్తే మళ్లీ అదే చెప్పింది. మూడోసారి అవతలి ఆయన నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడట.

మేమిద్దరం అన్నం తినలేదు. మందు చేరిందని రెండుంబావుకు కబురు వచ్చింది. ఆ తర్వాత ఫోను మోగలేదు. నేను రెండుసార్లు ఎత్తి, అది పని చేస్తోందా అని చెవి దగ్గర పెట్టుకుని చూశాను. ఇంకా ముందే చేరాల్సిన మందు, నేను ఫోను చేసి అడగనందుకు ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఆమె ఊపిరిలో ఎంత తినేసిందో నాకు తెలియదు.

నాలుగున్నరకు డాక్టరు మాట్లాడాడు. చాలాసేపు సంచీ నొక్కాల్సి వచ్చిందట. ఇప్పుడు తనంతట తాను పీలుస్తోంది. నర్సు వేలు అందిస్తే పట్టుకుని నొక్కిందట.

తాయీ డబ్బా తెరిచి అన్నం కలుపుకుంటూ, "నువ్వు తర్వాత తిను సాబ్. నా మాట ఉన్నది గద, నువ్వే పోయి తీర్చు" అంది.

వాగు తగ్గిందని తెలిసింది. స్టోరు నుంచి సీసాలు తీసుకుని నేనే బయలుదేరాను. మొదటి మూడు కేంద్రాలకు వెలుగు ఉండగానే చేరాను. రోడ్డు మీద బురద, మధ్యలో ఒక ట్రాక్టరు అడ్డం. నాలుగో కేంద్రం చేరేసరికి పొద్దు వాలిపోయింది. ఊళ్లో ఇళ్లన్నిటా లైట్లు వెలుగుతున్నాయి. కేంద్రం మాత్రం చీకటిగా ఉంది. తాళం వేసి వెళ్లిపోయాడనుకున్నాను. తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల బల్ల వెనక ఫార్మసిస్టు కూర్చుని చీకట్లో దోమలు కొట్టుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి, బజారులో వాళ్లది మూడు తరాల కిరాణా దుకాణం.

"కరెంటు లేదా?" అన్నాను.

"ఉన్నది సాబ్."

"మరి లైటు?"

"ఎట్ల ఎయ్యాలె? తాయీ మాట ఇచ్చింది, దీపాలు పెట్టకముందు అని. మీరింకా రాలె." చాలా మామూలుగా చెప్పాడు. "ఈడ దీపం పెట్టలేదు గద. ఇంకా టైము ఉన్నట్టే."

రెండు సీసాలు అతని చేతిలో పెట్టాను. తడిమి చూసి, అల్మారాలో పెట్టి, అప్పుడు లేచి స్విచ్ వేశాడు.

నేను నవ్వలేదు. నవ్వాలనిపించలేదు. నాకు ఆ మనిషి మీద కోపం వస్తుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను, అది రాలేదు. అయినా వాదించకపోతే నేను నేను కాను.

"ఒక సీసా అల్మారాలో దాచితే మందు పెరుగుతుందా?" అన్నాను.

"పెరగదు సాబ్. నాకు ఎరుకే. బీఫార్మసీ చదివిన నేను."

"మరెందుకు?"

"రెండు మాటలున్నయి. చెప్పనా?" కుర్చీ నా వైపు జరిపాడు. "ఎవడో ఉరుక్కుంట అస్తడు, పామో తేలో. అల్మారీ తీసి, లేదు పో అని మొఖం మీద ఎట్ల చెప్త? ఒక్క సూదన్న పొడిచి బండెక్కిస్తే, వానికి ధైర్యం, నాకు ధైర్యం. ఇది ఒకటి."

"రెండోది?"

"సున్నా కొడితె ఎర్రగైతది. పైనుంచి ఫోను అస్తది. ఎందుకు అయిపోయింది అని అడుగుతరు. ఎవరి పాణం నిలబడ్డది అని ఎవ్వడు అడగడు. ఒక్కటి అని కొడితె ఏ లొల్లి లేదు. అంతే సాబ్."

ఆ ఎరుపు నా ఆలోచన. ఆ సంగతి అతనికి తెలియదు. చెప్పే ధైర్యం ఆ సాయంత్రం నాకు లేకపోయింది. వాళ్ల అమ్మమ్మల నాటి భయాన్ని ఊడబెరుకుతానని బయలుదేరినవాడిని, దాని పక్కనే ప్రభుత్వ ఖర్చుతో ఒక కొత్త భయాన్ని నాటాను. బియ్యం డబ్బా భయమైనా ఒక పిడికెడు మిగిల్చేది. నా భయం అబద్ధపు అంకెను మిగిల్చింది.

మర్నాడు పుణె అమ్మాయికి ఫోను చేశాను. ముందు ఎరుపు తీసెయ్యమన్నాను. మందు అయిపోతే సంజాయిషీ అడిగే బదులు కొత్త సరుకు కోరే కాగితం దానంతట అదే తయారయ్యేలా మార్చమన్నాను. తర్వాత, ప్రతి మందుకు రెండు గడులు పెట్టమన్నాను. ఒకటి పంపగలిగినవి, రెండోది తన గుమ్మానికి వచ్చేవాళ్ల కోసం ఉంచుకున్నవి. రెండో గడిలోని మందు కావాలంటే మనిషితో మాట్లాడి తీరాలి. ఆ గడికి ఏం పేరు పెట్టాలని ఆ అమ్మాయి అడిగింది. నేను ఏదో సర్కారీ మాట చెప్పాను.

పక్కనుంచి తాయీ అంది, "ఆ పేరు పెడితె ఎవ్వడు నింపడు. బర్కత్ అని పెట్టు."

పెట్టాము. వారం తిరిగేసరికి జిల్లా అంతటా ఆ గడి నిండింది. ఎవరి అల్మారాలో నిజంగా ఎన్ని ఉన్నాయో మాకు మొదటిసారి తెలిసింది. ఆ గడి ఎందుకో వివరిస్తూ పై ఆఫీసుకు రెండు పేజీల లేఖ రాశాను. నా జన్మలో బర్కత్ తరఫున వకాల్తా పుచ్చుకున్నది అప్పుడే. చర్చా మండలి పాత మిత్రుడొకడు, "కంప్యూటర్‌లోకి మూఢనమ్మకం ఎక్కించావటగా" అని ఎత్తిపొడిచాడు. నేను ఇప్పటికీ బర్కత్‌ను నమ్మను. డబ్బాలో మిగిల్చిన బియ్యం పిల్లలు పెట్టవు. కానీ ఒక నమ్మకం అబద్ధమని రుజువు చేయగానే నా పని అయిపోయిందని అనుకునేవాణ్ణి. దాన్ని పట్టుకున్న మనిషి దేనికి భయపడుతున్నాడో అడగడం కూడా ఆ పనిలో భాగమే. నేను అడగలేదు. స్విచ్‌బోర్డు మనిషి అడిగింది.

ఈ ఏర్పాటు బాగా నడుస్తోందని తెలిసి వేరే శాఖలు కూడా నన్ను అరువు తీసుకున్నాయి. వెళ్లిన ప్రతిచోటా మొదట ఒకే ప్రశ్న వేసేవాణ్ణి: మీరు దాచేది ఏది? వాళ్లకు మొదట కోపం వచ్చేది, తర్వాత నవ్వేవాళ్లు, ఆ తర్వాత చెప్పేవాళ్లు. బస్సుల వాళ్లకు ఎప్పుడూ మరమ్మతులో ఉండే ఒక బస్సు ఉంటుంది. దానికి ఏ జబ్బూ లేదు, దారిలో ఇంకో బస్సు ఆగిపోతే పంపడానికి. రక్తం నిల్వ చేసేవాళ్లు అరుదైన గ్రూపు సంచి ఒకటి ఫ్రిజ్‌లో వెనక వరుసలో పెడతారు. విత్తనాల వాళ్లకు చివరి రెండు బస్తాలు, గ్రంథాలయం వాళ్లకు పోటీ పరీక్షల పుస్తకం ఒక ప్రతి. ఏ తెరా ఇవి చూపించదు. మీరు రేపు ఎక్కడైనా ఇలాంటి ఏర్పాటు చేస్తే, యంత్రం పెట్టే ముందు ఒక పూట అక్కడి గుమాస్తాతో కూర్చుని టీ తాగండి. నేను తాగలేదు కాబట్టి చెబుతున్నాను.

పాము కరిచిన ఆమె సంగతి మిగిలింది. రెండు నెలల తర్వాత ఒక రోజు పదకొండింటికి ఆమె, ఆమె భర్త మా గదికి వచ్చారు. చేతిలో కొబ్బరికాయ, కుంకుమ పొట్లం. మందు వెతికిన మిషన్ ఎక్కడ ఉందని అడిగారు. నేను గుండె దిటవు చేసుకుని, కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టకూడదని చెప్పడానికి సిద్ధపడ్డాను. తాయీ నా కంటే ముందే కొబ్బరికాయ అందుకుని, "లోపలికి నీళ్లు పోతె ఖరాబైతది చెల్లె. ఇంటికి తీస్కపోయి పచ్చడి చేస్త" అంది. ఆమె ఒప్పుకుంది.

కుర్చీలో కూర్చోబెట్టి తెర చూపించాను. పాము మందు పేరు కొడితే జిల్లా అంతా ఎలా వరుసగా వస్తుందో, దూరం ఎలా చూపిస్తుందో చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను. ఆమెకు మరాఠీ అంకెలు వచ్చు.

"మా ఊరి కేంద్రం ఏది సారూ?"

వేలు పెట్టి చూపించాను. పంపగలిగినవి ఒకటి, బర్కత్ ఒకటి.

"రెండేనా?"

"రెండు. కానీ అవసరమైతే ఇదిగో, ఈ చుట్టుపక్కల కేంద్రాలన్నిట్లో నిమిషంలో వెతుకుతుంది."

ఆమె తెరను చాలాసేపు చూసింది. "నా ఒక్కదానికే పది పట్టినయి. మేము వరుసల ఎనమండుగురం కోస్తుంటిమి." నా వైపు తిరిగింది. "ఎతుకుతది, మంచిగనే ఎతుకుతది. ఉండాలె గద సారూ."

భర్త ఆమె మోచేయి పట్టుకుని లేపబోయాడు, సారును అలా అడగొచ్చా అన్నట్టు. ఆమె లేవలేదు. జవాబు కోసం చూస్తోంది. రుజువేమిటని లోకాన్నంతా అడిగిన నోరు నాది. ఈసారి రుజువు ఆమే ఇచ్చింది; పది, ఎనిమిది అని చీటీ మీద రాసుకున్నాను.

వాళ్లు వెళ్లాక కొత్త సరుకు కోరే కాగితం తీశాను. సరిహద్దు కేంద్రాలన్నిటికీ ఒక్కోదానికి పది సీసాలు అని రాశాను. కారణం అన్న గడిలో మామూలుగా ఏవో నియమాల సంఖ్యలు రాస్తాం. ఆ రోజు ఆమె అన్నదే మరాఠీలో రాశాను: ఒక్కరికే పది పట్టాయి, వరుసలో ఎనిమిదిమంది కోస్తారు. పై ఆఫీసు నుంచి నాలుగు రోజులకు కాగితం తిరిగొచ్చింది. కారణం నిబంధనల ప్రకారం లేదు, సరిచేసి పంపండి అని ఎర్ర సిరాతో రాశారు. నేను కొత్త కాగితం తీసుకుని అదే వాక్యాన్ని కొంచెం పెద్ద అక్షరాలతో రాసి పంపాను. ఈసారి కాగితం తిరిగి రాలేదు. సీసాలు వచ్చాయి.